లావు పిన్ను, సన్న పిన్ను

బాబుపేట్‌ల రైల్వే లైనుకు ఆనుకోని ఒక సందుంది. ఆ సందు చివరన రాజలింగు దుకాణం. పొద్దుగూకినంక అటు దిక్కు ఎవ్వరు పోరు.

ఆటోవాళ్ళు సందు మొదట్లనే ఆపుతరు. “ఇథూన్ చాలత్ జా” అని, ఇక్కడి నుంచి నడిచి పొమ్మని మరాఠీల చెప్పి దించేసి, పైసలు సరిగ చూసుకోకుంటనే బండి తిప్పుకుంటరు. పానీపూరీ బండాయన మస్తు గిరాకీ అయ్యే ఆ మూల మలుపును ఇడిచిపెట్టి మారుతి గుడి కాడికి పోయిండు. షట్టరు ముంగట ఎవరు పెట్టిపోతరో తెల్వదు గని, అమాసకు అమాసకు నిమ్మకాయలుంటయ్.

ఎందుకంటే... రాజలింగు చచ్చిపోయి రెండేండ్లాయె. కరెంటోళ్ళు మీటరు పీక్కపోయి కూడ అంతే కాలమాయె. అయినా ఒక్కోనాడు షట్టరు కింది సందులకెళ్ళి ఎలుగు కనబడ్తది. ఎర్రగ. జరసేపటికి పచ్చగ. ఆ ఎంబడే గంట...

టింగ్... టింగ్... టింగ్...

రాజలింగు పేరుకు రేడియోలు, మిక్సీలు బాగుచేసేటోడు. కని ఆయన పానమంత బొమ్మ రైళ్ళ మీదుండె. దుకాణం ఎనుక అర్రల పెద్ద బల్ల మీద పట్టాలు పరిచి, స్టేషన్ కట్టి, సిగ్నళ్ళు పెట్టి, అగ్గిపెట్టెంత గేటు పెట్టి, రైలు నడిపేటోడు. చచ్చినంక కూడ నడుపుతుండని సందోళ్ళ మాట.

నేనైతే చూడలే. నేను చెప్పేది మా కాలనీల సాయి ప్రియ చెప్పంగ ఇన్నది. ఆమె పవర్ ప్లాంట్ల ఎలక్ట్రికల్ ఇంజనీరు. రాజమండ్రి దిక్కు పిల్ల. అబద్ధం ఆడాల్నంటే కూడ ముందుగాల డ్రాయింగ్ గీసుకునే రకం. అందుకే నమ్మిన.

—

సాయి ప్రియ ఇంట్ల కూడ ఒక బొమ్మ రైలుంది. అది ఆమెది కాదు, మామ భీమారావుది. ఆయన గూడ్సు బండ్ల మీద గార్డుగ చేసి రిటైరైండు. రిటైరైన తెల్లారి నుంచి ముందు గదిల ప్లైవుడ్ చెక్క మీద రైలు కట్టుడు మొదలుపెట్టిండు. ప్లాట్‌ఫారం మీద దీపాలు, సిగ్నలు, లేచి పడే గేటు — అన్ని రాజలింగు కాడ కొన్నయే. ఎప్పుడో ఏ దేశంలనో తయారై, ఆ కంపెనీ మూతపడి, ఎట్లనో రాజలింగు చేతికొచ్చిన సామాను అది.

పోయిన ఎండకాలం భీమారావుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయింది. అయినా ఎడమ చేత్తోని రైలు నడుపుకుంట కూసుండేటోడు. కోడలు ఆఫీసుకెళ్ళి రాంగనే గేటు ఎత్తి చూపిచ్చి కండ్లతోని నవ్వేటోడు.

ఆ కొంచెం సంతోషాన్ని ఎలుకలు కొరికినయ్.

దీపాల, గేటు, సిగ్నలు వైర్ల చివర పిన్నులుంటయ్. ఆ పిన్నులు పోయి కూసునే బొక్కల ముక్కలు చెక్క కిందుంటయ్. పిన్నుంటే మేలు, బొక్కలుంటే ఫీమేలు — కరెంటు పనోళ్ళు అట్లనే అంటరు. ఎలుకలు ఫీమేలు ముక్కలను ఒక్కటి మిగలకుంట నమిలినయ్. దీపాలు బాగున్నయ్, గేటు బాగున్నది, కరెంటున్నది. రెండింటిని కలిపే గోరంత ముక్క లేదు.

“దీనికేముంది మావయ్యగారూ, వైర్లు కోసి మెలిపెట్టి టేపు చుట్టేస్తాను” అన్నది సాయి ప్రియ. చుట్టింది. భీమారావు ఎడమ చేత్తోని ఆ టేపును గోరుతోని పీకి పీకి తీసేసిండు. మెలిపెట్టిన జాయింటు మీద బండి పోనిచ్చే మనిషి కాదాయన. అటెన్క కుర్చీ గోడ దిక్కు తిప్పుకున్నడు. ఇగ ఇటు తిరగలే. అన్నం కూడ గోడను చూసుకుంటనే తిన్నడు.

డాక్టరు వచ్చి చూసి, “ఆయనకు దేని మీదనన్న మనసు నిలబడాలమ్మా. లేకుంటే మాట రాదు. ఉన్న చెయ్యి కూడ మొరాయిస్తది” అన్నడు.

జిల్లాలకు కరెంటు పంపే మనిషి ఒక్క బఠానీ గింజంత దీపాన్ని వెలిగియ్యలేకపోయింది.

వెతకని చోటు లేదు. గాంధీ చౌక్‌ల ఎలక్ట్రానిక్ దుకాణాలన్ని తిరిగింది. అడిగిన ప్రతిచోట మొదటి ప్రశ్న ఒకటే — “మేల్ కీ ఫీమేల్?” ఫీమేల్ అని చెప్పి, పిన్ను చూపిచ్చేది. రెండు పిన్నులు, ఒకటి లావు, ఒకటి సన్నం. దుకాణపాయన దాన్ని కంటికాడ పెట్టుకోని చూసి, “హే ఆతా మిళత్ నాహీ, మేడమ్” అని, ఇప్పుడిది దొరకదని ఎనుకకు ఇచ్చేటోడు. ఫోన్ల చూసి తెప్పిచ్చింది. ‘అన్ని మోడళ్ళకు సరిపోతుంది’ అని రాసున్న ప్యాకెట్ వచ్చింది. ఒక్కదానికి సరిపోలే. నాగపూర్ పోయొచ్చింది. అక్కడ దొరికినయ్ లోపటికి పోయినయ్ గని ఊగినయ్. ఊగేదాన్ని భీమారావుకు చూపిచ్చే ధైర్యం ఆమెకు లేకపాయె.

ఆఖరికి గాంధీ చౌక్‌ల ఒక ముసలి దుకాణపాయన చుట్టు చూసి, గొంతు తగ్గిచ్చి అన్నడు — “మేడమ్... గిది రాజలింగు దుకాణంల తప్ప యాడ లేదు.”

“అడ్రసు చెప్పండి, వెళ్తాను.”

“అడ్రసు చెప్తగని... ఆయన లేడు. ఉన్నడు కూడ అంటరు.”

—

రాజలింగు భార్య వెంకటమ్మ పక్క సందుల బిడ్డ కాడ ఉంటది. సాయి ప్రియ డ్యూటీ అయినంక అక్కడికి చేరేసరికి వాన మొదలైంది. వెంకటమ్మ మొత్తం ఇన్నది. లోపటికి పోయి షట్టరు తాళంచెవి తెచ్చిచ్చింది.

“కావల్సింది తీస్కో బిడ్డా. ఎట్లైనా అదంత పాత సామానోనికి ఏసేదే. కని పొద్దుండంగ పోరాదు?”

“రేపట్నుంచి ప్లాంట్‌లో షట్‌డౌన్ పని అండీ. పదిహేను రోజులు కదలడానికి ఉండదు.”

“నేనైతే రాను” అన్నది వెంకటమ్మ. “ఆయన ఉన్నప్పుడే ఆ అర్రలకు నన్ను రానియ్యకపోయేది. ఇప్పుడెందుకు రానిస్తడు?”

సందుల సప్పుడు లేదు, ఒక్క వానది తప్ప. సాయి ప్రియ తెల్ల రెయిన్‌కోటు టోపీ నెత్తి మీదికి గుంజుకుంది. నొసటికి లైటు కట్టుకుంది — ప్లాంట్ల కేబుల్ గుంతల్లకు దిగేటప్పుడు కట్టుకునేది. తాళం తీసి, నడుం మట్టం షట్టరు లేపి, వంగి లోపటికి పోయింది.

దుమ్ము. తుప్పు వాసన. గోడల పొంటి చిన్న చిన్న సొరుగులు. ఒకటి గుంజింది — బల్బులు. ఇంకోటి — స్ప్రింగులు. ఇంకోటి...

ఆగింది.

ఎనుక అర్ర తలుపు ఓరగ ఉన్నది. ఆ ఓర నుంచి ఎలుగు వస్తున్నది. ఎర్రగ.

ఆమె ఇంజనీరు గద, ముందుగాల లెక్క ఏసింది. మీటరు లేదు — అంటే బ్యాటరీ అయి ఉండాలె. బ్యాటరీ అయితే రెండేండ్లు నిలువది. అంటే ఎవరో చార్జి చెయ్యాలె. చెయ్యాల్సినోడు చచ్చిపోయిండు. సదువుకోనోళ్ళకైతే ఉత్త భయమే ఉంటది. ఆమెకు భయంతోని పాటు రుజువు కూడ దొరికింది.

అయినా పోయింది. గోడ దిక్కు తిరిగిన కుర్చీ కండ్లల్ల మెదిలింది, అందుకే పోయిన అని చెప్పింది నాకు.

తలుపు తోసింది...

బల్ల మీద ఒక ఊరున్నది. ఇండ్లల్ల పసుపు దీపాలు. ప్లాట్‌ఫారం మీద వరుసగ దీపాలు. గేటు దానంతట అదే మెల్లగ దిగింది. టింగ్... టింగ్... పచ్చ సిగ్నలు పడ్డది. మూల మలుపుకెళ్ళి చిన్న రైలు వచ్చింది, కిటికీలన్ని వెలుగుకుంట. స్టేషన్ల ఆగింది.

నడిపేటోడు కనబడలే.

ఆమె కాలికి ఏదో రేకు తగిలి ఖణేలుమన్నది.

అంతే — ఊరంత ఒక్కసారే ఆరిపోయింది. దీపాలు, సిగ్నలు, రైలు. చీకటి. నీళ్ళు దిగినట్టున్నయ్, ఆమె నొసటి లైటు కూడ రెండుసార్లు కొట్టుకోని కండ్లు మూసింది.

రేకుల మీద వాన... ఆ వాన సప్పుడు నడుమ, బల్ల అవతలకెళ్ళి, ఎవరో ఊపిరి పీలుస్తున్నరు.

తర్వాత గొంతు. మొగ గొంతు. సన్నగ, వణుక్కుంట —

“మే... మేలా... ఫీమేలా?”

సాయి ప్రియకు అది రాజలింగు గొంతే అనిపిచ్చింది. చచ్చిపోయినా గిరాకీని ఇడుస్తలేడు ఈ మనిషి! ఏం చెయ్యాలె? ఎన్ని దుకాణాలల్లనో చెప్పి చెప్పి నోటికొచ్చిన జవాబు అదంతట అదే బయటికొచ్చింది.

“ఫీ... ఫీమేల్. టూ పిన్. ఒకటి లావు... ఒకటి సన్నం.”

బల్ల అవతల ఏదో కదిలింది.

జరసేపటికి నేల మీద గరగరమని సప్పుడు. ఏదో జారుకుంట వచ్చి ఆమె చెప్పులకు తాకి ఆగింది. వంగి తడిమింది. రేకు డబ్బా. లోపల గలగల.

ఆ గలగల ఆగకముందే ఎనుక ఎక్కడనో తలుపు ధడేలుమన్నది. చల్లటి గాలి ముఖానికి కొట్టింది.

డబ్బా రొమ్ముకు ఒత్తుకోని ఆమె ఉరికింది. షట్టరు ఎట్ల దించిందో, తాళం ఎట్ల ఏసిందో యాదికి లేదు. వెంకటమ్మ చేతుల తాళంచెవి పెట్టింది.

“దొరికిందా బిడ్డా?”

“దొరికిందండీ.”

“ఎవలన్న... ఉండెనా?”

సాయి ప్రియ డబ్బాను రెయిన్‌కోటు లోపల పెట్టుకోని వానలనే ఇంటి తొవ్వ పట్టింది.

—

డబ్బా నిండ అవే. ఒక్కోటి పిన్నుకు పెడితే ‘టక్’ అని కూసున్నది. ఊగలే. జారలే.

తెల్లారి డ్యూటీకి పోకముందే చెక్క కింద పండుకోని కరెంటు వైర్లన్ని ఆ ముక్కలకు కలిపింది. ఒక్కో ముక్కకు రెండు వైర్లు — ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. ఏ బొక్కకు ఏది ఇయ్యాల్నో ముక్క మీద గుర్తు లేదు. అందాజగ నల్లది లావు బొక్కకు, ఎర్రది సన్నదానికి ఇచ్చింది. పిన్నులు గుచ్చి, లేచి స్విచ్చేసింది.

“మావయ్యగారూ! ఒక్కసారి ఇటు చూడండి!”

పిన్నులు ‘టక్’మన్న సప్పుడుకే ఆయన మెడ కదిలి ఉండె. కుర్చీ కిర్రుమన్నది. మెల్లగ ఇటు తిరిగిండు.

దీపాలు వెలిగినయ్. రైలు కదిలింది. గేటు కాడికి వచ్చింది — రాంగనే గేటు, దిగాల్సింది పోయి, సక్కగ పైకి లేసి నిలబడ్డది. రైలు పోయినంక నింపాదిగ దిగింది. ఆగుమనాల్సిన సిగ్నలు పచ్చగ వెలిగింది.

భీమారావు ముఖం ఎర్రబడ్డది. పెదవులు వంకర తిరిగినయ్. ఎడమ చెయ్యి లేపి గేటు దిక్కు చూపిచ్చిండు. మెడ నరాలు ఉబ్బినయ్. గొంతుల ఏదో గరగరమన్నది, ఆగింది, మళ్ళ గరగరమన్నది...

“ఉల్... ఉల్టా!”

పక్షవాతం వచ్చిన కాన్నుంచి ఆయన నోట్ల నుంచి వచ్చిన మొదటి మాట అది. దేవుని పేరు కాదు, కొడుకు పేరు కాదు. కోడలి పనికి వంక.

సాయి ప్రియ నవ్వుకుంట, ఏడ్సుకుంట మళ్ళ చెక్క కిందికి దూరింది. వైర్లు మార్చింది. ఎర్రది లావుదానికి, నల్లది సన్నదానికి. గేటు సక్కగ పని చేసింది. ఆయన ఇంకోసారి “ఉల్టా” అన్నడు. ఈసారి మాట్లాడొస్తదా లేదా అని చూసుకునేటందుకు అన్నడట.

—

అంత మంచిగయ్యింది గని ఆ డబ్బా ఇంట్ల ఉంటే సాయి ప్రియకు నిద్ర పట్టలే. చచ్చినోని చేతికెళ్ళి తీస్కున్న సామాను. అర్ధరాత్రి లేచి, డబ్బా మూత సరిగున్నదా అని చూసేది.

ఆమె మొగడు ఉదయ్‌కిరణ్ ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీల చేస్తడు. వారానికొకపారి ఇంటికొస్తడు. కథంత ఇని పొట్ట పట్టుకోని నవ్విండు.

“దెయ్యం అయితే అయింది గానీ ప్రియా, స్టాక్ బాగా మెయింటెయిన్ చేస్తోంది.”

“నవ్వకండి. మిగిలినవి తిరిగి ఇచ్చేద్దాం. షట్‌డౌన్ అయ్యాక వచ్చే ఆదివారం పగలు వెళ్దాం. మీరూ రండి.”

పోయిన్రు. మిట్ట మధ్యాహ్నం, ఎండ. షట్టరు సగం లేపి ఉన్నది. గుమ్మానికి కొత్త నిమ్మకాయలు, మిరపకాయలు. మెట్ల మీద వెంకటమ్మ నిలబడి ఒక మనిషిని తిడుతున్నది. ఆయన మెడల తాయెత్తు, కండ్ల కింద నలుపు.

“నా మొగని పేరు ఖరాబు చేస్తివి గదరా సారయ్యా! రెండేండ్ల సంది ఊరంత ఆయనను దెయ్యమన్నరు. గది నువ్వారా?”

సంగతేందంటే, సారయ్య రాజలింగు దోస్తు. స్టేషన్ బయట జనానికి రైలు టికెట్లు బుక్ చేసిస్తడు. ఉండేది విరూర్. సాయంత్రం పని అయినంక, దోస్తు బతికున్నప్పుడు ఇచ్చిన ఎనుక తలుపు తాళంచెవితోని లోపటికి పోయి, వెంట తెచ్చుకున్న బ్యాటరీ పెట్టుకోని, కొంతసేపు రైలు నడిపి, తన పాసింజర్ బండెక్కి ఇంటికి పోయేటోడు. సంగతి బయటపడితే దోస్తు చేతి పనిని పాత సామానోనికి ఏస్తరని భయపడి, ఎవ్వరికి చెప్పకుంట వచ్చేటోడు. ఇప్పుడు ఆ తాళంచెవి వెంకటమ్మకు ఇచ్చేసి దండం పెడుతుండు.

ఉదయ్‌కిరణ్ పెండ్లాం దిక్కు చూసి కన్ను కొట్టిండు. సాయి ప్రియకు రొమ్ము మీది బండ దిగినట్టయింది.

“అయితే ఆ లైట్లన్నీ మీరేనా అండీ?”

“నేనే మేడమ్. జనం పిచ్చోళ్ళు. దీపం కనబడితే దెయ్యం అంటరు. నేను లోపల నవ్వుకునేటోణ్ణి.”

“మరి తాళంచెవి ఎందుకిచ్చేస్తున్నారు?”

సారయ్య అటిటు చూసిండు. తాయెత్తు గట్టిగ పట్టుకున్నడు. గొంతు తగ్గిచ్చిండు.

“మీరు కొత్తోళ్ళున్నట్టున్నరు, చెప్తున్న ఇనుండ్రి. పొద్దుగూకినంక ఇటు రాకుండ్రి. నిజంగనే ఉన్నది. నా కండ్లతోని చూసిన.”

“ఏం చూశారు?”

“తెల్లగ... నేల నుంచి నెత్తి దాక తెల్లగ. నొసట్ల ఒక్కటే కన్ను, మండుతున్నది. నన్ను చూసి రెండుసార్లు కొట్టింది మేడమ్ ఆ కన్ను! నేను దీపాలన్ని ఆర్పి బల్ల ఎనుక కూసున్న. ఏమనాల్నో తెల్వలే. పొద్దంత టికెట్ల కాడ ఏదడుగుతనో అదే నోట్లకెళ్ళి వచ్చింది. ‘మేలా, ఫీమేలా’ అన్న.”

ఉదయ్‌కిరణ్ దగ్గు వచ్చినట్టు ముఖం అటు తిప్పుకున్నడు.

“జవాబు చెప్పింది మేడమ్! ‘ఫీమేల్’ అన్నది! వయసు కూడ అడుగుదునేమో, కని ఆ లోపలనే పిన్నులడిగింది. ఆ డబ్బా నా ముంగటనే ఉండె. ఇస్తే పోతదేమోనని నూకిన.”

సాయి ప్రియ ఆగలేకపోయింది. సంచిలకెళ్ళి డబ్బా తీసింది. “సారయ్యగారూ, అది నేనేనండీ. రెయిన్‌కోటు వేసుకున్నాను. నుదుటికి లైటు కట్టుకున్నాను. వెంకటమ్మగారే తాళంచెవి ఇచ్చారు.”

వెంకటమ్మ అవునన్నట్టు తలకాయ ఊపింది.

సారయ్య డబ్బాను చూసి రెండడుగులు ఎనుకకేసిండు. మెల్లగ నవ్విండు — జాలిగ.

“మీరు మంచోళ్ళు మేడమ్. నా భయం పోవాల్నని చెప్తున్నరు. మీరెట్లైతరు? దానికి పాదాలు లెవ్వు. నేను చూసిన.”

“బల్ల అడ్డం ఉంది కదండీ...”

“వద్దు మేడమ్. ఆ డబ్బా నాకియ్యకుండ్రి. అది ముట్టింది. మీరే ఉంచుకోండ్రి.”

ఉదయ్‌కిరణ్ ఇగ ఆపుకోలేక పెద్దగ నవ్విండు. “అయ్యా, నిజంగా మా ఆవిడేనండీ! ఫీమేల్ అని చెప్పింది, ఒకటి లావు ఒకటి సన్నం అని చెప్పింది, మీరు డబ్బా తోశారు, పారిపోయారు. అంతే కదా?”

“డబ్బా నూకినంక ఎంబడే ఉరకలే సారూ.” సారయ్య నవ్వు పోయింది. “దెయ్యమైనా ఆడది, మంచిగనే అడిగింది, తీస్కోని పోతదిలే అని కూసున్న. నేను ఉరికింది దానికి కాదు.”

“మరి?”

“నా చెవుల కాడ ఇంకో గొంతు ఇనబడ్డది. మొగ గొంతు. పది మందిల ఉన్నా గుర్తుపడ్త ఆ గొంతును.” వెంకటమ్మ దిక్కు చూసిండు, మళ్ళ కండ్లు దించుకున్నడు. “‘ఎర్ర వైరు లావుదానికి ఇయ్యుమను సారయ్యా. లేకపోతే గేటు ఉల్టా పడ్తది’ అన్నది.”

వెంకటమ్మ చేతుల తాళంచెవి కింద పడ్డది.

సాయి ప్రియ మొగని దిక్కు చూసింది. ఎర్ర వైరు సంగతి ఆమె సందుల ఎవ్వరికి చెప్పలే. ఆ రోజు ఆమెకే తెల్వదు.

ఉదయ్‌కిరణ్ ముఖంల నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మిట్ట మధ్యాహ్నం ఎండల, నలుగురు మనుషుల నడుమ నిలబడి, ఆయన పెండ్లాం కొంగు పట్టుకున్నడు.

“ప్రియా...” అన్నడు గుసగుసగ, “డబ్బా మనం ఉంచేసుకుందాం. పద.”